చిరిగినచోటే లక్క

మా అక్కయ్య పోయిందన్న కబురు కొత్తపేట బస్సు కండక్టరు తెచ్చాడు. అమలాపురంలో మా షెడ్డు ముందు ఆ బస్సు రోజూ ఉదయం కాసేపు ఆగుతుంది. కండక్టరు దిగి మా నూతిలో బిందెడు నీళ్లు తోడి, రేడియేటరులో పోసుకుని వెళతాడు. ఆ రోజు బిందె జోలికి పోలేదు. అరుగు దగ్గరికి వచ్చి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మగారండీ, పెద్దమ్మగారు తెల్లవారుతుండగా పోయేరండి. అయ్యగారు మీకు చెప్పమన్నారండి" అన్నాడు.

"మా అక్కయ్యేనా?" అన్నాను.

"ఆయ్. నాలుగు రోజులై జొరవంటండి. నిన్న సాయంత్రం కూడా లేచి కూర్చున్నారంటండి."

మావారు ఎవరిదో కారు కింద పడుకుని పనిచేసుకుంటున్నారు. మాటలు విని బయటికి వచ్చారు. చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకోవడం మొదలుపెట్టి, చేతులు శుభ్రమైపోయాక కూడా తుడుస్తూనే నిలబడిపోయారు. చాలాసేపటికి, "ఇహ అన్నయ్యకి అన్నం ఎవరు పెడతారే" అన్నారు. ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే.

ఆవిడ నాకు తోడబుట్టింది కాదు, తోడికోడలు. మావారి అన్నగారి భార్య. ఆ అన్నగారిని నేను బావగారు అంటాను. మేం వెళ్లేసరికి పెరడంతా ఊళ్లోవాళ్లతో నిండి ఉంది. అందరూ ఒకటే మాట, మెత్తటి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి అని. చావు ఇంట్లో వాదన ఏమిటి. కానీ ఆ మాట నిజం కాదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఆవిడ మెత్తటి మనిషి కాదు. ఆవిడకి కోపం వచ్చేది. కోపం వస్తే అప్పటికే తోమి బోర్లించిన ఇత్తడి గిన్నె ఏదో ఒకటి మళ్లీ తీసి, చింతపండు వేసి తోమేది. మా ఇంట్లో గిన్నెలు తళతళలాడుతున్నాయంటే మగవాళ్లు జాగ్రత్తగా ఉండాలన్నమాట.

ఆవిడ పుట్టిల్లు సఖినేటిపల్లి. చిన్నతనంలోనే పెళ్లయింది. పెళ్లయిన కొన్నాళ్లకే బావగారు రంగూన్ వెళ్లిపోయారు, అక్కడ మోటారు షాపులో పని నేర్చుకోవడానికి. ఆవిడ కొత్తపేట దగ్గర మా పల్లెలో అత్తగారి దగ్గర ఉండిపోయింది. పుట్టింటికి వెళ్లాలంటే మధ్యలో గోదావరి పాయ దాటాలి, తోడు కావాలి, అత్తగారి అనుమతి కావాలి. మూడూ ఒకసారి కుదిరేవి కావు. మావారప్పుడు లాగులు తొడుక్కునే వయసు. ఆయనకి అన్నం కలిపి పెట్టిందీ, జ్వరం వస్తే రాత్రింబగళ్లు కూర్చున్నదీ ఆవిడే. యుద్ధం బర్మా దాకా వచ్చాక బావగారు అడవులు దాటుకుని, కాళ్లు పుళ్లుపడి, ఇల్లు చేరారు. అప్పటికి అత్తగారు పోయారు. మావారు మద్రాసులో ఒక పెద్ద వర్క్‌షాపులో మెకానిక్కుగా పని నేర్చుకుంటున్నారు. యుద్ధం ముగుస్తుండగా అన్నదమ్ములిద్దరూ కలిసి ఒక పాత బస్సు కొని, కొత్తపేట నించి అమలాపురం నడపడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే నేను ఆ ఇంటికి కాపురానికి వచ్చాను.

బస్సుకి షెడ్డు ఇంటిని ఆనుకునే ఉండేది. నా గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ ఆ షెడ్డులోకి తెరుచుకునేది. కిటికీ తీస్తే నాకు కనిపించే లోకమల్లా ఆ బస్సు ఎడమ పక్క. గాలి రాదు, పెట్రోలు వాసన వచ్చేది. కొత్త కోడల్ని కనక వీధి గుమ్మంలోకి వెళ్లకూడదు, బావగారు అరుగు మీద ఉంటే వసారాలోకి రాకూడదు. అలా ఆ కిటికీలోంచే ఇంజను పని నేర్చుకోకుండా నేర్చుకున్నాను.

అందులో ఒక సంగతి మీకు చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. ఇంజనుకి కింద ఒక పెద్ద ఇనప దిమ్మ, పైన దానికి మూతలాగా ఇంకో ఇనప పలక ఉంటాయి. మూతని హెడ్డు అంటారు. ఆ రెండింటికీ మధ్య నీళ్లూ మంటా బయటికి రాకుండా ఒక పలచటి రాగి రేకు పెడతారు. అది గ్యాస్కెట్టు. దాన్ని ఉత్తగా, పొడిగా పెట్టి బిగించాలా, లేక అంచులకి లక్క పూసి బిగించాలా అన్నది మా ఇంట్లో తగువు.

బావగారు లక్క పక్షం. లక్క ముక్కలు స్పిరిటులో నానబెట్టి, సీసాలో ఎర్రటి చిక్కటి పాకంలాగా చేసి ఉంచేవారు. ఆ సీసా వంటింటి అటక మీద ఆవకాయ జాడీ పక్కన ఉండేది. ఏ అతుకు బిగించినా ముందు లక్క పూయందే ఆయనకి నిద్రపట్టదు. మావారు పొడి పక్షం. రెండు వైపులా ఇనుము అద్దంలా శుభ్రం చేసి, మరలు వరస తప్పకుండా కొద్దికొద్దిగా బిగిస్తే చాలు, బంక ఎందుకు అంటారు. పూసిన లక్క పిండుకుని లోపలికి పోతుంది, నీటి దారులు పూడుస్తుంది, విప్పేటప్పుడు రేకు చిరిగిపోతుంది అంటారు. కొత్త రేకు కావాలంటే మద్రాసు నించి రావాలి. యుద్ధం అయ్యాక కూడా విడిభాగాలు దొరికేవి కావు.

భోజనాల దగ్గర ఇదే గొడవ. అక్కయ్య వడ్డిస్తూ, "అన్నం ముందు పెట్టుకుని ఇంజను విప్పకండి. ముందు ఆ ముద్ద లోపలికి పోనివ్వండి" అనేది. అప్పట్లో అది నవ్వులాటే.

మాఘమాసంలో ఒక పెళ్లివారిని ఎక్కించుకుని వస్తూ బస్సు అంబాజీపేట అవతల ఆగిపోయింది. ఇంజనులోంచి ఆవిరి తన్నుకొచ్చింది. పెళ్లికూతురు కాలవ గట్టు మీద దిగి నడవాల్సి వచ్చింది. బస్సుకి ఎడ్లు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. షెడ్డులో హెడ్డు విప్పుతుంటే నేను కిటికీ దగ్గరే ఉన్నాను. లక్క పట్టి ఉండడంతో రేకు ఊడిరాలేదు. ఉలి పెట్టి ఎత్తేసరికి ఒక మూల చిరిగింది. మావారు వేలు పెట్టి చూపించారు.

"చూడు, నీళ్ల కన్నంలోకి లక్క దిగి ఎలా గడ్డ కట్టిందో. అందుకే కాగిపోయింది."

"నువ్వు మరలు ఒకే పక్క బిగించేవు. అందుకు వంగింది హెడ్డు. లక్క లేకపోతే ఆ మాత్రం కూడా వచ్చుండేది కాదు" అన్నారు బావగారు.

మాట మీద మాట పెరిగింది. చివరికి మావారు, "మద్రాసులో మా మేస్త్రీ ఒకటే చెప్పేడు. పని చేతకానివాడు పూసేది లక్క అని" అన్నారు.

బావగారు చేతిలో ఉన్న స్పానరు నేలమీద పెట్టారు. విసరలేదు, నెమ్మదిగా పెట్టారు. "ఇహ ఈ బండి మీద నేను చెయ్యెయ్యను" అన్నారు.

"నేనూ వెయ్యను" అన్నారు మావారు.

మర్నాడు బావగారు వెదురు బద్దలతో ఒక తడిక కట్టించి వసారా మధ్యలో నిలబెట్టారు. అక్కడినించి వంటింటి దాకా ఇల్లు రెండయింది. రెండు పొయ్యిలు, రెండు కడవలు. ఆ వైపు మాట ఈ వైపుకి రాకూడదని ఆయన ఆవిడకి చెప్పారు. మావారు నాకూ అదే చెప్పారు. హెడ్డు గోనెపట్టా మీద, ఇంజను నోరు తెరుచుకుని, బస్సు షెడ్డులో అలాగే ఉండిపోయింది.

నాకు అప్పుడు రెండో నెల. ఎండాకాలం వెళ్లింది, వానలు పట్టాయి. నా వంతుకి వచ్చినది ఆ గదీ, సగం వసారా, పెరటిలో నాలుగు అడుగుల చోటు. కిటికీ తీస్తే ఆగిపోయిన బస్సు. చక్రాల మధ్య కోడి గుడ్లు పెట్టి పొదిగింది. మావారు పొద్దున లేచి షెడ్డులోకి వెళ్లి, ఇంజను ముందు కూర్చుని, మళ్లీ లేచి వచ్చేసేవారు. తడిక అవతల బావగారు దగ్గడం వినిపించేది. ఒకరు కదిలితే రెండోవారు కదలడం మానేసేవారు. ఆ ఇంట్లో నలుగురం ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చుకునేవాళ్లం.

ఏడో నెలలో మా నాన్నగారు ఐ.పోలవరం నించి బండి కట్టుకుని నన్ను పురిటికి తీసుకువెళ్లడానికి వచ్చారు. మావారు ఒప్పుకోలేదు.

"మా ఇంటి బస్సు ఉండగా ఎడ్లబండిలో పంపుతానేంటండి మావగారూ. బండి బాగయ్యేక నేనే స్వయంగా దింపుతాను" అన్నారు.

"బాగయ్యేదెప్పుడండి?" అన్నారు నాన్నగారు, షెడ్డు వైపు చూసి.

ఆయన మజ్జిగ తాగి వెళ్లిపోయారు. బండి చక్రాల చప్పుడు రోడ్డు మలుపు దాకా విన్నాను. గోడకేసి తిరిగి పడుకున్నాను.

ఆ సాయంత్రమే మొదలయింది అక్కయ్య మాట్లాడడం.

ఆ ఇంట్లో పంచుకోకుండా మిగిలినవి రెండు. ఒకటి బస్సు, రెండోది ఆవు. ఆవుని తడిక చివర, రెండు వైపులకీ అందేలా కట్టేవారు. పొద్దుటి పాలు వాళ్లవి, సాయంత్రం పాలు మావి. నేను చెంబు పుచ్చుకుని వెళ్లేసరికి అక్కయ్య అవతలి వైపు నిలబడి ఆవు మెడ నిమురుతోంది. నా వైపు చూడలేదు.

"ఏమే గంగా, ఆ గదిలో అమ్మాయికి కాళ్లు వాచేయా? ఉప్పు తగ్గించమని చెప్పవే. ఏడిస్తే కడుపులో ఉన్నవాళ్లకి వినిపిస్తుందని కూడా చెప్పు."

నేను చెంబు కింద పెట్టి, ఆవు రెండో పక్క మెడ మీద చెయ్యి వేశాను. "గంగా, నాకు భయంగా ఉందని చెప్పవే" అన్నాను.

అవతల ఆవిడ ఆవు ముందుకి గడ్డి జరిపింది. తరవాత, "భయపడితే భయపడమను. అన్నం మాత్రం తినమను" అంది.

ఆ రోజు నించి రోజూ అంతే. శొంఠి ఎంత వేసుకోవాలి, ఏ వైపుకి తిరిగి పడుకోవాలి, రాత్రి కడుపులో బిడ్డ ఎంత తిరిగింది, అన్నీ ఆవుకే చెప్పుకున్నాం. తొట్టి గట్టు మీద నాకోసం గిన్నె ఉండేది, ఒకరోజు పులగం, ఒకరోజు వేయించిన కారప్పొడి. బావగారు ఒకసారి విని, "ఎవరితో మాటలు?" అన్నారట. "ఆవుతోనండి. ఆవుతో మాట్లాడద్దని మీరు అనలేదు కదండి" అందట ఆవిడ. ఆవిడకి పిల్లలు లేరు. పుట్టాల్సిన రోజుల్లో ఆయన రంగూన్‌లో ఉన్నారు, ఆయన వచ్చేసరికి రోజులు గడిచిపోయాయి. నా కడుపులో బిడ్డకోసం ఆవిడ తడిక అవతల పాత చీరలు మెత్తగా ఉతికి పొత్తిళ్లు కుట్టి పెట్టిందని నాకు అప్పుడు తెలియదు.

నెలలు నిండకముందే నాకు నొప్పులు వచ్చాయి. వాన ముసురు పట్టిన రోజు, పొద్దు బాగా ఎక్కాక. మావారు పరిగెత్తుకెళ్లి మంత్రసానిని తీసుకొచ్చారు. ఆవిడ చూసి, నాకు చెప్పకుండా గుమ్మం దాకా వెళ్లి ఆయనకి చెప్పింది. గది చిన్నది, అన్నీ వినిపించాయి.

"బిడ్డ అడ్డం తిరిగిందండి బాబూ. నా వల్ల కాదండి. అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి. ఎడ్లబండిలో ఈ గతుకులకి ఈ తల్లి ఆగదండి."

ఊళ్లో ఇంకో మోటారు లేదు. రోడ్డు మీద పోయే వేరేవాళ్ల బస్సు పొద్దున్నే వెళ్లిపోయింది. కాలవ పొంగి పడవలు కట్టేశారు. మావారు షెడ్డులోకి వెళ్లారు. కిటికీ తీసే ఉంది. పడుకున్న చోటు నించి నాకు ఆయన భుజాలు మాత్రం కనిపిస్తున్నాయి. హెడ్డు తుడిచి, రేకు చేతిలోకి తీసుకుని, చిరిగిన మూల వైపు చూస్తూ నిలబడ్డారు. పొడిగా పెడితే ఆ మూల నించి నీళ్లు పోతాయి, దారిలోనే ఆగిపోతుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. తడిక అవతల అటక మీద లక్క సీసా ఉంది. అదీ తెలుసు. కదల్లేకపోయారు. నేను అరుస్తున్నాను, ఆయన కదలడం లేదు.

అప్పుడు అక్కయ్య తడిక దాటి వచ్చింది. అన్ని నెలల్లోనూ మొదటిసారి. ముందు నా దగ్గరికి వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అలా ఉంచే, కిటికీలోంచి మావారితో మాట్లాడింది.

"అబ్బాయ్, మీ అన్నయ్య లక్క ఎందుకు పట్టుకుని వేలాడతాడో నీకు తెలుసా?"

ఆయన తలెత్తలేదు.

"చెప్పద్దన్నాడు. చెప్తున్నాను. రంగూన్ నించి వచ్చేటప్పుడు ఒక లారీ నిండా ఆడవాళ్లూ పిల్లలూ ఎక్కేరు. ఆ లారీ హెడ్డు బిగించింది ఆయనే. అప్పుడు లక్క లేదు, దొరకలేదు. పొడిగానే బిగించేడు. అడవి మధ్యలో నీళ్లన్నీ కారిపోయి ఆగిపోయింది. అక్కణ్ణించి అందరూ నడిచేరు. చాలామంది ఇళ్లు చేరలేదు. ఇప్పటికీ నిద్దట్లో ఆ లారీ బిగిస్తూనే ఉంటాడు. పని చేతకానివాడని అన్నావే, ఆ మాట ఆయన అంతకుముందే తనకి తను అనుకున్నాడు."

మావారు రేకు కిందపెట్టి, వసారా వైపు వెళ్లారు. తడిక ముందు ఆగి ఉంటారు. ఆయన గొంతు వినిపించింది.

"అన్నయ్యా, ఒకసారి వచ్చి చూడవా."

జవాబు వెంటనే, చాలా దగ్గర నించి వచ్చింది. బావగారు అప్పటికే తడిక వెనక నిలబడి ఉన్నారు, లక్క సీసా చేత్తో పట్టుకుని.

తరవాత షెడ్డులో మాటలన్నీ ఇంజను మాటలే. "ఎక్కడ?" "ఈ మూల, రెండో సిలిండరు దగ్గర." "వెలుతురుకి ఇలా పట్టు." మావారు గుడ్డ లక్కలో ముంచి రేకంతా పూయబోయారు. బావగారు ఆపారు.

"అంతా వద్దురా. నువ్వన్నది నిజమే, కన్నాల్లోకి దిగుతుంది. చిరిగినచోటే రాయి. పలచగా."

రాశారు. ఇక బిగించడమే అనుకున్నాను. బిగించలేదు.

"ఇంకా ఏంటండి?" అంది అక్కయ్య గుమ్మంలోంచి.

"ఆరాలి. తడిమీద బిగిస్తే అంతా పిండుకుపోతుంది. వేలు పెడితే అంటుకుని విడవాలి" అన్నారు బావగారు. ముసురులో ఏదీ ఆరదు. నిప్పు దగ్గరికి తెస్తే స్పిరిటు భగ్గుమంటుంది. ఆవిడ ఇంకేం అడగలేదు. నాకు విసురుతున్న విసనకర్ర పట్టుకుని షెడ్డులోకి వెళ్లి, బల్ల మీద ఉన్న ఆ రేకుకి విసరడం మొదలుపెట్టింది. కాసేపు దానికి విసిరేది, నేను అరిస్తే లోపలికి పరిగెత్తుకొచ్చి నాకు విసిరేది, మళ్లీ వెళ్లేది. అన్నదమ్ములిద్దరూ చెరోపక్కా నిలబడి, వేలు పెట్టి చూసుకుంటూ ఉన్నారు. ఆ నిరీక్షణ ఎంతసేపో నాకు తెలియదు. నా జీవితంలో అంత పొడుగు సమయం మళ్లీ రాలేదు.

బస్సు కదిలింది. సీట్ల మధ్య పరుపు వేసి నన్ను పడుకోబెట్టారు. తల అక్కయ్య ఒడిలో. మావారు నడుపుతున్నారు. బావగారు గోనెసంచి గొంగళిలా కప్పుకుని, బయట ముందు మడ్‌గార్డు పట్టుకుని ఫుట్‌బోర్డు మీద నిలబడ్డారు. దారి పొడుగునా వానలో, తీసి ఉంచిన బానెట్టు పక్కనించి ఆ అతుకు వైపే చూస్తూ వచ్చారు. నీళ్లు కారలేదు. దీపాలు పెట్టేవేళకి అమలాపురం చేరాం.

నేను దక్కాను. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల.

పొద్దున్నే లోపల పోయి ఉంటుందని, మీరు ఎంత తొందరగా వచ్చినా ఇంతేనని డాక్టరమ్మగారు చెప్పారు. మా వాళ్లు నమ్మారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. మర్నాడు ఆసుపత్రి వరండాలో అన్నదమ్ములిద్దరూ కూర్చున్నారు. "నేను నెల ముందే పిలిచుంటే" అన్నారు మావారు. "లేదురా, పెద్దవాణ్ణి, నేను రావాలి. ఆ తడిక కట్టినవాణ్ణి నేను" అన్నారు బావగారు. మళ్లీ మావారు, మళ్లీ బావగారు. తప్పు నాదంటే నాదని పోట్లాడుకుంటున్నారు. అక్కయ్య నా మంచం దగ్గర నించి లేచి గుమ్మంలోకి వెళ్లింది.

"చాలు. ఇల్లు పంచుకున్నారు, పొయ్యి పంచుకున్నారు. ఆ బిడ్డని కూడా మీరిద్దరూ పంచుకోకండి. అది దాని తల్లిది. ఆ తల్లిని ఏడవనివ్వండి" అంది.

ఆ విషయం మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఊరివాళ్లు మెత్తటి మనిషి అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ మాటే.

ఇంటికి వచ్చాక నన్ను బాలింతరాలు అని ఎవరూ అనలేదు. పక్కన పిల్ల లేదు కదా, ఆ మాట ఎలా వాడాలో వాళ్లకి తెలియలేదు. అక్కయ్య మాత్రం అంది. "పిల్ల ఉన్నా లేకపోయినా ఒళ్లు బాలింత ఒళ్లే. దాని పథ్యం దానికి చెయ్యాలి" అని కాయం మందు చేసి పెట్టింది, నడికట్టు కట్టింది, రోజూ ఒంటికి నూనె రాసి వేడి నీళ్లు పోసింది. ముసురు రోజులు, పుల్లలన్నీ తడిసిపోయాయి. మొదటి రోజు నీళ్లు కాచడానికి ఆవిడ వసారాలోకి వెళ్లి తడికలోంచి ఒక బద్ద లాగింది. ఫెళ్లుమని చప్పుడయింది. బావగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. చూశారు. మర్నాడు ఇంకో రెండు బద్దలు. ఆ మర్నాడు ఇంకొన్ని. తడిక తియ్యమని ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. నాకు పథ్యం విడిచే రోజుకి వసారాలో రెండు రాటలు మిగిలాయి. వాటిని బావగారే పీకి, పాదులో బీరతీగకి ఆసరా పెట్టారు.

తరవాత కొన్నేళ్లు ఆ బస్సు నడిచింది. అన్నదమ్ములు అప్పుడప్పుడు వాదించుకునేవారు, కానీ రేకు మీద కాదు. నాకు పిల్లలు పుట్టారు. అక్కయ్య కుట్టిన పొత్తిళ్లలోనే పెరిగారు. బస్సు పాతబడిపోయాక అమ్మేసి, మావారు అమలాపురంలో రిపేరు షెడ్డు పెట్టారు. బావగారు పల్లె వదిలి రానన్నారు. ఇప్పటికీ షెడ్డుకి వచ్చినవాళ్లు, లక్క పూస్తారా, పొడిగా బిగిస్తారా అని అడుగుతారు. ఇప్పుడు డబ్బాల్లో, గొట్టాల్లో రకరకాల బంకలు వస్తున్నాయి. "కొత్త రేకు, చదును హెడ్డు అయితే ఏమీ వద్దండి. చిరిగితే, చిరిగినచోటే" అంటారు మావారు. అది మా అన్నయ్య మాటండి అని కూడా అంటారు. ఆవిడ మాట ఏదీ ఆయన ఎవరికీ చెప్పరు. ఆవిడ ఊసు వస్తే మళ్లీ కారు కిందికి దూరిపోతారు.

ఒకటి చెప్పడం మరిచాను. నన్ను ఆసుపత్రి నించి ఇంటికి తెచ్చిన రోజు సంగతి.

ఆ రోజు వాన తెరిపిచ్చింది. బస్సులో మేం నలుగురమే. ఇంటి ఆడవాళ్లు బస్సెక్కితే సీటు దండగ అని ఎవరో ఎప్పుడో అన్నారని, అక్కయ్య అంతకుముందు ఆ బస్సు ఎక్కలేదట. వెళ్లేటప్పుడు నా మొహం తప్ప ఆవిడ ఇంకేం చూడలేదు. వచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చుంది. అంబాజీపేట దాటాక, రోడ్డు కాలవ గట్టు వెంట పోయేచోట, "అబ్బాయ్, ఆపు" అంది. మావారు ఆపారు. ఎందుకని ఎవరం అడగలేదు. ఆవిడ దిగింది. గట్టు ఎక్కి, మాకు వీపు తిప్పి, నీళ్లకి ఎదురుగా నిలబడింది.

కొబ్బరికాయల పడవ ఒకటి ఎదురు నీటికి వస్తోంది. ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు భుజానికి వేసుకుని వంగి లాగుతున్నారు. వాళ్లకి దారి ఇవ్వడానికి ఆవిడ ఒక్క అడుగు పక్కకి జరిగింది. తాడు ఆవిడ ముందు నించి బిగువుగా సాగిపోయింది. పడవ నెమ్మదిగా వచ్చింది, ఆవిడని దాటింది. చెక్కమీద కూర్చుని ఎవరో ఒకావిడ పిల్లకి జడ వేస్తోంది. పడవ వంపు తిరిగి కనిపించకుండా పోయేదాకా అక్కయ్య చూస్తూనే ఉంది. గాలికి కొంగు జారి మెడ మీద పడింది. సర్దుకోలేదు. బస్సులో మేం ముగ్గురం, ఇంజను ఆపేసి, ఆవిడ వచ్చేదాకా కూర్చున్నాం.